గాజుతొట్టికి గాలి కొట్టిన రోజు

నేను వెళ్ళింది బల్ల కొనడానికి. తెచ్చింది చేపల తొట్టి. "మధ్యలో నీకేమైందిరా?" అని ఆ సాయంత్రం మా నాన్న అడిగాడు.

పంతొమ్మిది వందల అరవై దాటి ఒకటి రెండేళ్ళయి ఉంటుంది. నూజివీడులో ఒక అధికారికి బదిలీ అయింది. కొన్ని సామాన్లు ఇక్కడే అమ్మేసి పోతున్నాడని తెలిసి, అతని టేకు బల్ల తీసుకురమ్మని నాన్న నన్ను బండి ఇచ్చి పంపించాడు. మా పెద్దమ్మాయి అప్పుడే బళ్ళో చేరింది. ఆ బల్ల ముందు కూర్చుని చదువుకుంటుందని ఆయన ఊహ. అధికారులంటే నాకు బెరుకేమీ లేదు. కలెక్టర్లు మా తోటలో చెట్టుకి వంద చొప్పున వేలాడుతుంటాయి. ఆ ముక్కు వంకర మామిడికాయకి మా వైపు అదే పేరు. ధైర్యంగా బంగళా మెట్లెక్కాను. బల్లని పొద్దున్నే ఎవరో పట్టుకుపోయారట. వరండాలో గోడవారన మాత్రం ఒక గాజుతొట్టి ఉంది.

నాలుగున్నర అడుగుల పొడుగు. ఇనప చట్రం, నాలుగు వైపులా మందపాటి అద్దాలు, అడుగున నల్లరాతి పలక, కింద ఇనపకాళ్ళ స్టాండు. లోపల నీళ్ళు లేవు, చేపలు లేవు. ఒక మూల ఎండిన నాచు, దాని మీద చచ్చిన ఈగ. అయినా నాకు అందులో నీళ్ళూ, చేపలూ, వాటిని చూస్తూ నోళ్ళు తెరిచి నిలబడ్డ మా బంధువులూ కూడా కనిపించారు. లేనివి కనబడటం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బే. ఆ అధికారి నా ముఖం చూసి, వదిలించుకునే అవకాశం ఇదేనని గ్రహించినట్టున్నాడు. తొట్టితో పాటు చేపల పెంపకం గురించిన చిన్న ఇంగ్లీషు పుస్తకం కూడా ఊరికే ఇచ్చాడు.

పగిలేదైనా నలిగేదైనా బండిలో సర్దడం మా వాళ్ళకి ఒక్కటే తెలుసు. కింద గడ్డి, పైన గడ్డి, మధ్యలో సరుకు. తొట్టిని కూడా రసాల గంపని సర్దినట్టే సర్దాం. బండి తోలుకొచ్చిన మా తోట మనిషి దాన్ని నాలుగు వైపుల నుంచీ చూసి అడిగాడు.

"ఇందులో ఏం మాగేస్తారండీ చినబాబుగారూ?"

"చేపలు."

"చేపలు మాగితే కంపు గదండీ."

ఇతని గురించి చెప్పాలి. నిజానికి ఈ రాత అంతా ఇతని గురించే. తొట్టి గురించి రాస్తున్నట్టు మొదలుపెట్టడం నా పాత అలవాటు, అసలు సంగతి చుట్టూ ప్రదక్షిణం చెయ్యడం. ఇతను మా తోటలో మందుపంపు మనిషి. మామిడి పూత విచ్చేసరికి తేనెమంచు పురుగు పడుతుంది. పూత మీద మందు కొట్టకపోతే పిందె నిలవదు. ఆ పంపు నేల మీద ఉంటుంది. ఒకడు పిడి పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపుతుంటే, బకెట్లోని మందు ఇత్తడి బుడ్డిలోకెక్కి, పొడుగాటి రబ్బరు గొట్టంలోంచి వెదురుకి కట్టిన ముక్కు దాకా పోతుంది. ఆ వెదురు పట్టుకునేది ఇతను. పూత తడవాలి, రాలకూడదు. అంత సున్నితంగా కొట్టే చెయ్యి మా చుట్టుపక్కల తోటల్లో ఇంకొకటి లేదు. మాఘమాసం వస్తే ఏడెనిమిది తోటల వాళ్ళు ఇతని కోసం కబురు పెట్టేవాళ్ళు.

ఇతని ఇంకో పద్ధతి, కడగడం. పని అయ్యాక పంపుని మూడుసార్లు కడిగేవాడు. ప్రతి కడుగుకీ మధ్య బోర్లించి ఎండబెట్టేవాడు. అంటే రెండు రోజులు. తన చేతుల్ని మోచేతుల దాకా బూడిదతో తోమి తోమి, వాసన చూసుకుని, అప్పుడు గాని అన్నం ముట్టేవాడు కాదు. "మందంటే మందు గాదండీ, మనం మర్యాదకి అట్టా పిలుస్తన్నాం" అనేవాడు. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. అతను నన్ను మీరనేవాడు, నేను అతన్ని నువ్వనేవాణ్ణి. అప్పట్లో అది ఇద్దరికీ వింతగా ఉండేది కాదు. ఇప్పుడు రాస్తుంటే నా ఒక్కడికీ ఉంది.

ఇంటికొచ్చాక మా అమ్మ తొట్టిని తట్టి చూసి, ఆవకాయకైతే బాగుండేది గాని ఇంత మూత ఎక్కడ దొరుకుతుందిరా అంది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, "చేపలకి అద్దాల మేడ వచ్చింది. వంటింటికి తలుపు పెట్టించమని నేనడిగి రెండేళ్ళయింది" అని లోపలికి పోయింది. లోపలికి పోవడానికి తలుపు అడ్డం లేదు గదా.

తొట్టిని హాల్లో పెట్టించి ముప్ఫై బిందెలు పోయించాను. గంటలో ఆ ముప్ఫై బిందెలూ హాల్లోకి వచ్చాయి. నాన్న చెప్పులు వీధి గుమ్మం దాకా తేలుకుంటూ పోయాయి. చెప్పుల్ని చూసి ఆయన నవ్వలేదు, నన్ను చూసి నవ్వాడు. మూలల్లో పాత పుట్టీ ఎండి రాలిపోయిందని మా తోట మనిషే కనిపెట్టాడు. వడ్రంగిని పిలిచి, సుద్దపొడీ అవిసెనూనే కలిపిన కొత్త పుట్టీ పెట్టించి, పది రోజులు ఆరబెట్టించాడు. వాగు ఇసక తెచ్చి అడుగున పరిచాం. ఆ ఇసకని కడిగింది అతని భార్య, మా దొడ్లో పనిచేసేది. "బియ్యమైతే మూడుసార్లు కడుగుతానమ్మా. చినబాబుగారు ఇసక తొమ్మిదిసార్లు కడిగించారు. వండే రోజు చెప్పండి, ఇద్దరం తినిపోతాం" అని మా ఆవిడతో అంది.

చేపల కోసం నేను బెజవాడ వెళ్ళాను. బంగారు చేపలు తెస్తానని ముందే చెప్పి వెళ్ళడం పొరపాటు. "బంగారం" దాకానే విని మా ఆవిడ ఆ రోజు చాలా మర్యాదగా సాగనంపింది. ఆరు చేపల్ని కిరసనాయిలు డబ్బా కడిగి అందులో తెచ్చాను. హనుమాన్ జంక్షన్ దగ్గర బస్సు మారేటప్పుడు పక్క సీటాయన డబ్బాలో ఏంటని అడిగాడు. చేపలంటే దూరంగా జరిగాడు. బతికే ఉన్నాయంటే లేచి వెళ్ళిపోయాడు. ఇంటికి చేరేసరికి నాలుగు మిగిలాయి.

మిగతా తొట్టి నింపింది మా తోట మనిషే. పొలంలో పరిగె ఏరుకున్నంత ఓపికగా, కాలవలో పరిగెలు ఏరుకొచ్చాడు. ఆ వేలెడు వెండిచేపల్ని పాత పంచె గుడ్డతో పట్టి, కుండనీళ్ళలో నలగకుండా తెచ్చేవాడు. తెచ్చిన కుండని వెంటనే తొట్లో ఒంపనిచ్చేవాడు కాదు. కుండని తొట్టినీళ్ళలో ఒక పూట తేలనిచ్చేవాడు. "కొత్తకోడలు గదండీ, ఇల్లు అలవాటు పడాలి" అనేవాడు. నేను వినకుండా ఒక చిన్న కొర్రమీనుని ముచ్చటపడి తెప్పించాను. అది అందరికంటే బాగా అలవాటు పడింది. మూడు రోజుల్లో తొమ్మిది పరిగెల్ని మింగింది. అతను దాన్ని తీసి కాలవలో వదిలేసి వచ్చి, "కొన్నిటికి ఆకలెక్కువండీ" అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

రోజూ పొద్దున తోటకి పోతూ హాల్లోకి వచ్చి, తొట్లో చెయ్యి పెట్టి కుళ్ళిన నాచు తీసేసేవాడు. చేపలు అతని వేళ్ళ చుట్టూ చేరి గిల్లేవి. నేను చెయ్యి పెడితే అటు మూలకి పారిపోయేవి. తొట్టి నాది, చేపలు అతనివి అన్నట్టుండేది. నాన్న పడక్కుర్చీ ఎప్పుడు వీధి వైపు నుంచి తొట్టి వైపు తిరిగిందో మేమెవరం చూడలేదు. ఊళ్ళోవాళ్ళు వచ్చి నిలబడి చూసి, "ఎన్నాళ్ళకి కూరకొస్తయ్యండీ?" అని అడిగేవాళ్ళు. మొదట్లో కోపం వచ్చేది. తరవాత, "ఇవి కూరకి కాదు, చూపుకి" అని చెప్పడం నేర్చుకున్నాను.

నా ఆశ అక్కడితో ఆగలేదు. ఇంకా తే, ఇంకా తే అని తొట్టి కిక్కిరిసేలా చేశాను. పూత కాలం వచ్చేసరికి మధ్యాహ్నం పూట చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి కోసం ఎగబడేవి.

"పెళ్ళిల్లు లాగ ఉందండీ, గాలాడటం లేదు. సగం కాలవలో వదిలేద్దాం" అన్నాడతను.

"ఆదివారం దాకా ఆగు. మైలవరం నుంచి మా ఆవిడ అన్నగారు వస్తున్నారు. చూసి వెళ్ళాక వదిలేద్దాం" అన్నాను.

మా ఆవిడ అన్నగారికి మా కంటే పెద్ద తోట ఉంది. తొట్టి మాత్రం లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం, వాళ్ళ బస్సు వచ్చే వేళకి గంట ముందు, చేపలు మామూలు కంటే ఎక్కువగా ఎగబడుతున్నాయి. ఒక బంగారు చేప పక్కకి ఒరుగుతోంది. పుస్తకం తీశాను. నాకు వచ్చినంత ఇంగ్లీషులో అర్థమైందేమిటంటే, తొట్టిలోకి పంపుతో గాలి కొట్టాలి. కరెంటు పంపు బొమ్మ కూడా వేశారు. మా ఊరికి కరెంటు ఇంకా రాలేదు. కాని పంపు అన్న మాట చదవగానే నాకు కొట్టంలో ఉన్న పంపు గుర్తొచ్చింది. మందు బదులు గాలి పీలిస్తే గాలే కొడుతుంది గదా. ఆ ఉపాయం తోచినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను. ఆ మెచ్చుకోలు నాకు బాగా గుర్తుంది.

ఇంకొకటి కూడా గుర్తుంది. ముందు రోజు సాయంత్రం పడమటి తోటకి మందు కొట్టడం పూర్తయింది. అతను పంపుని ఒకసారి కడిగి కొట్టంలో బోర్లించి, "ఇంకా రెండు కడుగులున్నయ్యి. ఎవరూ ముట్టుకోకండి" అని వాకిట్లో అందరికీ చెప్పి వెళ్ళాడు. ఆ అందరిలో నేనున్నాను. విన్నాను.

రెండు బకెట్ల నీళ్ళతో పంపు కడిగాను. నీళ్ళు తేటగానే వచ్చాయి. నాన్న లోపల గదిలో కునుకు తీస్తున్నాడు, ఆడవాళ్ళు వంటింట్లో ఉన్నారు. హాల్లోకి తెచ్చి, గొట్టం కొస తొట్లో పెట్టి, పిడి ఊపాను. మొదట గొట్టం దగ్గింది, తరవాత బుడబుడమని బుడగలు వచ్చాయి. సోడా కొట్టినట్టుంది. ఒకటి రెండుసార్లు బుడగలతో పాటు నీళ్ళు కాస్త పాలరంగు తిరిగి విరిగిపోయినట్టు అనిపించింది. ఇసక లేచిందనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. చేపలు చెల్లాచెదురై కిందికి పోయాయి. బాగుపడ్డాయని సంతోషించి, పంపుని తీసుకెళ్ళి కొట్టంలో ఎట్లా ఉందో అట్లాగే బోర్లించి వచ్చాను.

బావగారి కుటుంబం వచ్చి, కాళ్ళు కడుక్కుని, తొట్టి ముందు కూర్చునే సరికి పరిగెలు పిచ్చెత్తినట్టు గిరగిరా తిరుగుతున్నాయి. "బలే ఆడుతున్నయ్యే బావగారూ" అన్నాడాయన. కాఫీలు వచ్చేలోపు ఒక్కొక్కటే వెల్లకిలా తేలడం మొదలుపెట్టాయి. ఆ వెండి పొట్టలన్నీ పైకి తిరిగి, నీళ్ళ మీద చిల్లర చల్లినట్టయింది. పిల్లలు ఏడుపు అందుకున్నారు.

నాన్న లేచి తొట్టి మీదికి వంగి వాసన చూశాడు.

"మందు వాసనరా ఇది."

సరిగ్గా అప్పుడే అతను చుట్టాల కోసం తేగలో, చెరుకు గడలో ఏదో మోపు దింపడానికి వాకిట్లోకి వచ్చాడు. ఆ మోపులో ఏముందో గుర్తులేదు గాని, అది దింపకుండానే గుమ్మంలో నిలబడిపోయాడు.

"పొద్దున తొట్లో చెయ్యి పెట్టావా?" అన్నాడు నాన్న.

"పెట్టానండి, నాచు తీశాను."

"నిన్నంతా మందు కొట్టి, ఆ చేతులే పెట్టావా?"

"కడుక్కునే పెట్టానండి."

"ఏం కడిగావురా? వాసన చూడు ఇటొచ్చి."

అతను వచ్చి తొట్టి మీదికి వంగాడు. తరవాత తన చేతులు వాసన చూసుకున్నాడు. మళ్ళీ తొట్టి. మళ్ళీ చేతులు. అతని ముఖంలో ఎదురు చెప్పాలన్నది ఏదో ఉండి, మా కళ్ళ ముందే అది పోయింది.

"కడుక్కున్నాననే అనుకున్నానండి" అన్నాడు.

అప్పుడు నేను చెప్పాలి. ఒక్క వాక్యం. నా చేతిలో కాఫీ గ్లాసుంది. ఎదురుగా బావగారున్నారు, ఆయన భార్య ఉంది, మా ఆవిడ ఉంది. నేను కాఫీ తాగాను. చల్లారిపోతుందన్నట్టు తాగాను.

"చేతులు కడుక్కోవడం రానివాడికి పంపెందుకు? రేపట్నుంచి ముట్టుకోకు" అన్నాడు నాన్న. అతను తల ఊపి, మోపు దింపి, చచ్చిన చేపల్ని తనే ఏరి తీసుకెళ్ళి దొడ్డి వెనకాల పూడ్చిపెట్టి పోయాడు.

మర్నాటి నుంచి పంపు ఇంకొకడికిచ్చారు. అతను గడ్డి మొయ్యడానికీ, పాదులు తవ్వడానికీ మారాడు. ఇట్లాంటి కబురు ఒక తోటలో ఆగదు. ఆ పూతకి మిగతా తోటల వాళ్ళు కూడా అతన్ని పిలవలేదు. పోనీ అతను నాన్న మీద కోపం తెచ్చుకున్నా నాకు కొంత తేలికయ్యేది. అతను నాన్న మాట నమ్మేశాడు. అది నేను లెక్కలో వేసుకోలేదు. తన చేతుల్లో మందు ఇంకిపోయిందని, ఎంత కడిగినా పోదని అతనికి పట్టుకుంది. ఎడ్లకి కుడితి కలపనంటాడు. అన్నం ఆకు దొప్పతో తింటాడు. పురుటికి వచ్చిన కూతురు బిడ్డని చేతికివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడట. ఈ సంగతులన్నీ అతని భార్య మా ఆవిడకి చెప్పింది, మా ఆవిడ నాకు చెప్పింది.

చెప్పి ఊరుకోలేదు.

"ఏవండీ, ఆ రోజు తొట్టి నుంచి కొట్టం దాకా నీళ్ళ చారిక ఎందుకుంది?"

నేను పుస్తకంలో ముఖం పెట్టాను.

"పంపు గొట్టం ఈడ్చుకెళ్ళిన చారిక. తుడిచింది నేనే. వారం నుంచి చూస్తున్నాను, మీరే చెబుతారని."

"చెబుతాను" అన్నాను.

"ఎప్పుడు?"

"కాస్త సద్దు మణిగాక."

సద్దు మణగడానికి నేను వేసవి దాకా సమయమిచ్చాను. కాయ కోతకొచ్చింది. ఒకరోజు బంగినపల్లి చెట్ల కింద అతను ఒక్కడే గంపల్లో గడ్డి పరుస్తుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. నాన్నకి చెప్పడం కంటే ఇతనికి చెప్పడం సులువనిపించింది. చెప్పాల్సింది కూడా ముందు ఇతనికే గదా అని ఆ పిరికితనానికి ఒక న్యాయం కూడా కుట్టుకున్నాను.

"చేపల్ని చంపింది నువ్వు కాదు. నేను. నీ పంపు తీసుకెళ్ళి గాలి కొట్టాను. రెండు బకెట్లతో కడిగి."

అతను గడ్డి పరుస్తూనే విన్నాడు. తరవాత నా వైపు చూసి నవ్వాడు. చాలా రోజుల తరవాత చూశాను ఆ నవ్వు.

"ఎంత మంచోళ్ళండీ మీరు."

"నిజం చెబుతున్నాను."

"నాకు తెలుసండి. నా ముసలిది వచ్చి అమ్మగారి దగ్గర ఏడుస్తంటే చూళ్ళేక మీ మీద ఏసుకుంటన్నారు. మీరు చదువుకున్నోళ్ళు, కడగని పంపు నీళ్ళలో పెడతారా?"

నేను ఎంత నొక్కి చెబితే అతనికి నా మంచితనం మీద అంత నమ్మకం గట్టిపడింది. సాయంత్రానికల్లా కోతకొచ్చిన కూలీలందరికీ చెప్పాడు. చినబాబుగారు నా తప్పు తన నెత్తిన పెట్టుకున్నారని. మర్నాడు తోటలో అందరూ నన్ను ఒక రకంగా చూశారు. అట్లాంటి చూపు నా జన్మలో అంతకు ముందు లేదు. నేను ఒప్పుకున్న తప్పుకి నాకు గౌరవం పెరిగింది. ఒప్పుకోవడం తప్పించి, ఒప్పించడం నాకు చేతకాలేదు.

ఆ వేడిలో వెళ్ళి నాన్నకీ చెప్పాను. ఆయన చుట్ట ఆర్పి, "నీ మనసు మంచిదే. ఇంత మెత్తనైతే రేపు తోట ఎట్లా చేస్తావురా?" అన్నాడు.

మా ఆవిడ మాత్రం మెచ్చుకోలేదు.

"ఆ రోజు చెబితే నిజమయ్యేది. నాలుగు నెలలు నానబెట్టేసరికి అది అబద్ధమైపోయింది" అంది.

ఖాళీ తొట్టి హాల్లోనే ఉంది. ఎవరూ దాన్ని కదపమనలేదు. రోజూ దాని పక్కనుంచి నడిచేవాణ్ణి. అద్దంలో నా ముఖం పడుతుందని ఆ వైపు తల తిప్పేవాణ్ణి కాదు. వానలు వచ్చి పోయాయి. మళ్ళీ పూత వచ్చింది.

ఆ పూతకి నేను ఒక పని చేశాను. నా జీవితంలో ఆలస్యంగా చేసిన మంచి పనుల జాబితా పెద్దదే గాని, ఇంత ఆలస్యమైంది ఇంకొకటి లేదు. పంచె పైకి కట్టి కాలవలోకి దిగి పరిగెలు పట్టాను. ఒక పూట పట్టింది. తొడల దాకా బురద. గట్టు మీద వరి పనివాళ్ళు ఆగి మరీ చూశారు. పన్నెండు చేపలు దొరికాయి. రెండు కుండల్లో ఆరూ ఆరూ వేసి కొట్టం ముందు పెట్టాను. నాన్నని కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కొత్త పంపు మనిషి ముందు రోజే మందు కొట్టి, ఒకసారి కడిగి పంపు బోర్లించి ఉన్నాడు. మిగతా కూలీలు కూడా చేరారు. అతన్ని పిలిపించాను.

"నువ్వు మందు కలుపు. ఎప్పటిలాగే చేతులు కడుక్కో. కడుక్కుని ఈ కుండలో చెయ్యి పెట్టు" అన్నాను.

"వద్దండి. చస్తయ్యి."

"పెట్టు."

"చినబాబుగారూ, ఉసురు తగులుద్దండి. మూగజీవాలు." అతని చేతులు వెనక్కి పోయాయి.

నాన్నకి నేనేం చేస్తున్నానో ఇంకా అర్థం కాలేదు. కాని నా గొంతులో ఏదో విన్నట్టున్నాడు. "వాడు చెప్పినట్టు చెయ్యరా" అన్నాడు మెల్లగా.

అతను మందు కలిపాడు. బూడిద తీసుకుని మోచేతుల దాకా తోముకున్నాడు. మళ్ళీ తోముకున్నాడు. వాసన చూసుకున్నాడు. కుండ ముందు గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టాడు.

నేను పంపు తీసి, అందరూ చూస్తుండగా, రెండు బకెట్లతో కడిగాను. నీళ్ళు ఆ రోజులాగే తేటగా వచ్చాయి. గొట్టం కొస రెండో కుండలో పెట్టి పిడి ఊపాను. గొట్టం దగ్గింది. బుడగలు వచ్చాయి. బుడగల మధ్య సన్నగా పాలరంగు తీగ ఒకటి సాగింది. ఈసారి ఇసక లేదు కుండలో.

ఒక చుట్ట కాలినంత సేపటికి నా కుండలో మొదటిది తిరగబడింది. తరవాత రెండోది. ఆరూ పోయేదాకా నేను పక్కకి తిరగలేదు. ఆ ఆరింటి పాపం కూడా నాదే. దానికి వేరే సమాధానం చెప్పుకోను.

అతను కళ్ళు తెరిచాడు. తన కుండలోకి చూశాడు. ఆరూ అతని వేళ్ళ సందుల్లో దూరుతున్నాయి. చెయ్యి తియ్యలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ దాకా అట్లాగే కూర్చున్నాడు, మోకాళ్ళు పట్టేసినా. అవి బతికే ఉన్నాయి.

నాన్న కుర్చీలోంచి లేచి నా దగ్గరికొచ్చాడు.

"చుట్టాల ముందు వాణ్ణి అన్నాను గదరా."

"అవును."

"నువ్వక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

ఆయన నన్ను తిట్టలేదు. అతని దగ్గరికి వెళ్ళి నిలబడి, "రేపట్నుంచి పంపు నువ్వే చూసుకో" అన్నాడు. మా నాన్న క్షమాపణలన్నీ హుకుముల్లాగే ఉండేవి.

"చూద్దాంలెండి అయ్యగారూ" అన్నాడతను.

కుండ చంకనెత్తుకుని కాలవ వైపు నడిచాడు. నేను వెనకాల వెళ్ళాను. గట్టు మీద కూర్చుని ఒక్కొక్క చేపనీ దోసిట్లోకి తీసుకుని నీళ్ళలో వదిలాడు. కుండ ఒంపేస్తే ఒక్క క్షణంలో అయిపోయే పని. ఒక్కొక్కటీ దోసిలితోనే వదిలాడు.

"రేపు పొద్దున వస్తావుగా, తూర్పు తోటకి?" అన్నాను.

"వస్తానండి. కాయ కోతకి వస్తాను. గడ్డి మోస్తాను, పాదులు తవ్వుతాను. ఏ పని చెప్పినా చేస్తాను." దోసిలి దులుపుకున్నాడు. "పంపు మాత్రం మీకు కొట్టనండి. అవతల తోట వాళ్ళు అడిగితే వాళ్ళకి కొడతాను."

"ఎందుకని?"

"మళ్ళీ ఏదన్నా చచ్చిందనుకోండి. మీరు చెప్పటానికి ఇంకో ఏడాది పట్టుద్ది గదండీ."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. అతనికి నవ్వు వచ్చింది. నాది అలవాటు. కుండ బోర్లించి భుజాన వేసుకుని గట్టెమ్మట వెళ్ళిపోయాడు. ఆ మాఘం నుంచి అవతలి తోటల్లో పూతంతా అతని చేతి మీదుగానే తడిసింది. మా తోటలో పంపు ఆ కొత్త మనిషి చేతిలోనే ఉండిపోయింది.